కలపకముందే బాగుంది: గురజాడ ఉటంకింపుల లెక్క

గురజాడ అప్పారావును పరిశోధకులు ఎంతగా పట్టించుకున్నారో తెలుసుకోవడానికి నేను కొన్నేళ్లుగా, ఎవరి రచనను ఎవరు ఉటంకించారో లెక్కగట్టే ఒక చందా డేటాబేసును వాడుతున్నాను. చందా విశ్వవిద్యాలయ గ్రంథాలయమే కడుతుంది కాబట్టి ధర సంగతి నేను మాట్లాడకూడదు. నన్ను కట్టిపడేసింది అందులోని ఒకే ఒక్క సదుపాయం: తన జాబితాలో లేని పాత పుస్తకాన్ని సైతం, ఇతరుల వ్యాసాల అధోజ్ఞాపికల్లో (ఫుట్‌నోట్లలో) ఎక్కడెక్కడ కనబడిందో వెతికి వరుసలుగా చూపించడం.

ఇంటిపేరు ముందుండే మన పద్ధతి ఆ యంత్రానికి తెలియదు కనుక గురజాడ ఒక వరుసలో ‘అప్పారావు జి.వి.’గా, మరొక వరుసలో ‘గురజాడ ఎ.’గా చెల్లాచెదురై ఉండేవారు. చూడడానికి చిందరవందరగా ఉన్నా, ప్రతి వరుసలోనూ పరిశోధకుడు రాసిన ముద్రణ సంవత్సరం చెక్కుచెదరకుండా ఉండేది. కన్యాశుల్కం 1897 నాటి తొలి ప్రతికీ, గురజాడ బాగా పెంచి తిరగరాసిన 1909 ప్రతికీ ఎంత తేడా ఉందో చదివినవారికి తెలుసు. సంస్కరణోద్యమ చరిత్ర రాసేవారు వీటిలో దేనిని ముందు పెట్టుకున్నారో, వెల్చేరు నారాయణరావు ఆంగ్లానువాదం 2007లో వచ్చాక తెలుగు రానివారు ఏ శాస్త్రాల నుంచి ఈ నాటకం దగ్గరికి వచ్చారో, ఆ వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే తెలిసిపోయేది. ఇంత ఉపయోగం ఉంటుందని నేను ఊహించలేదు.

తరువాత ఒక నవీకరణ వచ్చింది. పేర్లను తనంతట తానే కలిపే ఏర్పాటు చేశారు. రెండు ప్రతులూ ఒకే పద్దులో కలిసి సంవత్సరాలు మాయమయ్యాయి. అనువాదం మొత్తంగా అనువాదకుని ఖాతాకు వెళ్లిపోయింది. పైగా అప్పారావు అనే పేరున్న ఎవరో ఇంజనీరింగ్ పరిశోధకుని వ్యాసాలు గురజాడ ఖాతాలోకి వచ్చి చేరాయి. 1915లో కన్నుమూసిన కవికి కాంక్రీటు మీద ప్రచురణలుండడం చూసి నవ్వుకున్నాను గాని, ఫిర్యాదుకు వచ్చిన జవాబు ‘కలపడం వల్ల కచ్చితత్వం పెరుగుతుంది’ అన్నంతవరకే ఉంది.

ఆ పద్దు పక్కనే హెచ్-సూచిక కూడా వేస్తున్నారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ కొలత, కనీసం పదేసి ఉటంకింపులున్న రచనలు పది ఉంటే పది అన్నట్టుగా లెక్కిస్తుంది. ఇందులో ఒకే నాటకాన్ని వెయ్యిమంది ఉటంకించినా విలువ 1 దాటదు, కనుక కొద్ది రచనలతో నిలిచిన సాహిత్యకారునికి అది పనికిరాదు.

ముందు చెప్పిన మెప్పుకు కూడా హద్దులున్నాయి. వ్యాసం నడుమ అధోజ్ఞాపిక లేకుండా గిరీశాన్ని తలచి వదిలేస్తే ఆ ప్రస్తావన ఈ లెక్కకు అందదు. 1978లో, ఉటంకింపుల సూచికలకు ఆద్యుడైన యూజీన్ గార్ఫీల్డ్ సంస్థ కళలు, మానవీయశాస్త్రాల కోసం తెచ్చిన సూచిలో ఇలాంటివాటిని మనుషులు చదివి చేర్చేవారు. ‘భారతి’ పత్రికలో దశాబ్దాలపాటు సాగిన చర్చలు గాని, గురజాడపై కె.వి.రమణారెడ్డి రాసిన ‘మహోదయం’ గాని ఉటంకించిన రచనలుగా ఎప్పుడైనా తగలవచ్చు, కాని వాటి లోపలి ఉటంకింపులు ఈ డేటాబేసులో నమోదు కాలేదు. అంటే గురజాడ మీద అత్యధిక చర్చ జరిగిన భాషే ఈ తూకానికి బయట ఉంది.

నా పని ఆంగ్ల పరిశోధనలో ఆయనకు దక్కిన ఆదరణ వరకే పరిమితం. పాత వరుసలను ముందే నా పట్టికలోకి దించుకున్నాను గనుక చందా ఉన్నంతకాలం వాడుతూనే ఉంటాను. తెలుగు విమర్శను లెక్కలోకి తీసుకోవలసినవారికీ, ఇద్దరు కవులలో ఎవరు గొప్పో అంకెతో తేల్చాలనుకునేవారికీ దీనిని సిఫారసు చేయలేను. కొత్తగా మొదలుపెట్టేవారు పేర్లు కలపకుండా చూసే ఎంపిక తమ గ్రంథాలయపు ఖాతాలో ఇంకా మిగిలి ఉందేమో ముందుగా అడిగి చూసుకోవడం మంచిది.