జాతికోడి గుడ్లు తెప్పించేవాళ్లు జాగ్రత్త: ఖాళీ గుడ్లు పంపి తప్పు మన పొదిగే మెషిన్ మీదికి తోస్తున్నాడు

అన్నలారా, అక్కలారా, డబ్బు పంపే ముందు ఇది చదవండి. డేగ, కాకి, నెమలి (పందెం కోళ్ల రంగుల పేర్లు) గుడ్లని స్టేటస్‌లు పెట్టి, నూటికి తొంభై పిల్లలు గ్యారంటీ అని గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, అనంతపురం వైపు బస్సు పార్సిల్‌లో పంపే మనిషి గురించి రాస్తున్నాను. కోళ్లు సాకేవాళ్లకు ఎవరో ఈపాటికి అర్థమై ఉంటుంది, పేరు రాయను. గుడ్డు 120 రూపాయల లెక్కన రెండు ట్రేలు, 60 గుడ్లు తెప్పించుకున్నాను. డబ్బు మొత్తం ముందే తీసుకున్నాడు. మెషిన్‌లో పెట్టిన ఏడో రోజు టార్చ్ కొట్టి చూస్తే 41 గుడ్లు ఖాళీ. తొమ్మిదింట్లో రక్తపు వలయం, అంటే పిల్ల మొదలై చచ్చిన గుర్తు. నరాలు పాకి బతికున్నవి పదే పది.

వీడియో తీసి పంపి ఫోన్ చేస్తే, "మెషిన్‌లో హీట్ ఎక్కువైంది అన్నా, నా గుడ్లలో ఏ లోపమూ లేదు" అన్నాడు. హీట్ ఎంత పెట్టినారని అడగలేదు. తేమ ఎంత ఉందని అడగలేదు. ఫ్యాన్ ఉన్న మెషినా, లేనిదా అని కూడా అడగలేదు. అదే ట్రేలో, అదే వరసలో మా ఇంటి పెట్టల గుడ్లు 12 పెట్టి ఉంటే, వాటిలో 11 నరాలు పాకి ఎర్రగా కనబడుతున్నాయి. ఆ వీడియో కూడా పంపినాను. అప్పుడు మాట మార్చి, "అయితే ఆ ఖాళీ గుడ్లు పగలగొట్టి చూపించు" అన్నాడు. సరే అని ఒక్కో గుడ్డు మీద నంబరు రాసి, తెల్ల ప్లేటులో పోసి, ఫోటోలన్నీ పంపినాను. దానికి వచ్చిన జవాబు ఇది: "పగలగొట్టిన గుడ్డుకు గ్యారంటీ యాడుందప్పా? ఆమ్లెట్ వేసుకో పో." ఫోన్ పెట్టేసినాడు. ఆ వెంటనే నంబరు బ్లాక్.

పగలగొట్టమన్నది వాడే. పగలగొడితే గ్యారంటీ లేదన్నదీ వాడే. డబ్బు పోయిన బాధ కన్నా ఈ మాటే కడుపు మండించింది. రేపు మీకు కూడా ఇదే చెబుతాడు. అందుకే గుడ్డు తప్పో మెషిన్ తప్పో ఎట్లా తేల్చాలో వివరంగా రాస్తున్నాను.

ఏడో రోజు టార్చ్‌కు ఖాళీగా కనబడేవన్నీ ఒకటే రకం కాదు. పగలగొట్టి పచ్చసొన మీద ఉండే చుక్కను చూడాలి. పుంజు తొక్కని గుడ్డయితే ఆ చుక్క చిన్నగా, చిక్కటి తెలుపుతో, అంచు వంకరటింకరగా ఉంటుంది. వారం పాటు మెషిన్‌లో ఉన్నా అది పెరగదు, సొన పసుపు రంగులోనే ఉంటుంది. పుంజు తొక్కి, మొదటి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయిన గుడ్డయితే ఆ చుక్క వెడల్పయి, మీగడ రంగు పొరగా పరుచుకుని ఉంటుంది. రక్తపు వలయం ఉందంటే రెండో రోజు దాటి, నరాలు మొదలైనాక చచ్చిందని అర్థం. నేను పగలగొట్టిన 41లో 33 మొదటి రకం. అంటే ఆ గుడ్లలో పిల్ల ఎన్నడూ మొదలే కాలేదు. మెషిన్‌లో 37 పెట్టినా, 38 పెట్టినా, బంగారు మెషిన్ తెచ్చినా ఆ 33 గుడ్లలో పిల్ల రాదు. హీట్ ఎక్కువై చచ్చిన పిల్ల ఉంటే దాని గుర్తు గుడ్డులో ఉండి తీరాలి.

ఎందుకట్లా అయ్యిందో వాడి స్టేటస్ వీడియోలోనే ఉంది. ఒకే దొడ్డిలో పెట్టలు 30 పైనే, పుంజులు రెండు. మామూలు లెక్కలో పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు. బరువైన అసీల్ (పందెం కోడి జాతి) పుంజుకు ఇంకా తక్కువే ఉండాలి. పైగా రెండు జాతి పుంజులను ఒకే దొడ్డిలో వదిలితే బలమైనది రెండోదాన్ని పెట్టల దగ్గరికి రానివ్వదు. మన ఎండలకు పుంజు వీర్యం కూడా పలచబడుతుంది. ఇంకో సంగతి, పుంజును మార్చినా పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాల దాకా పని చేస్తుంది. పుంజును మార్చిన మూడు వారాలు కాకముందే "డేగ గుడ్లు" అని అమ్మితే వచ్చే పిల్ల ఏ జాతిదో దేవుడికే తెలియాలి.

మిగిలిన ఎనిమిది, ఆ తొమ్మిది వలయాల గుడ్లు నిల్వ తప్పుతో పోయినవి. పార్సిల్ విప్పగానే టార్చ్ కొట్టి తీసిన వీడియో నా దగ్గర ఉంది. తాజా గుడ్డుకు మొద్దు కొస వైపు గాలి గది మూడు మిల్లీమీటర్ల లోతుకు మించదు. ఇందులో చాలావాటికి అది అప్పుడే అంతకన్నా బాగా లోతుకు దిగి ఉంది. పొదిగించే గుడ్డును 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, వారం లోపలే వాడాలి. వారం దాటితే రోజురోజుకీ పిల్లలు తగ్గిపోతాయి. మన అనంతపురం, కర్నూలు వైపు ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో నీడనే 35 దాటుతుంది. 27 దాటిన వేడిలో పుంజు తొక్కిన గుడ్డు లోపల పిల్ల మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. సగం వేడికి సరిగా పెరగలేక బలహీనపడుతుంది. రాత్రి చల్లబడితే ఆగుతుంది, పగలు మళ్లీ కదులుతుంది. అట్లాంటి గుడ్డు మెషిన్‌లో పెట్టిన రెండు మూడు రోజులకే వలయం కట్టి చస్తుంది. అలాగని ఫ్రిజ్‌లో పెట్టడమూ తప్పే, నాలుగైదు డిగ్రీల చలి పిండానికి మంచిది కాదు. ఏసీ గది లేనివాళ్లు తడి ఇసుక మీద మట్టి కుండ పెట్టి, అందులో గుడ్లు ఉంచి, మూడు నాలుగు రోజులకే వాడేయాలి.

ఇంకొకటి. గుడ్లు నిగనిగలాడుతూ వచ్చినాయి, రుద్ది కడిగిన గీతలు కూడా ఉన్నాయి. పెంకు మీద సహజంగా ఉండే సన్నపొర కడిగితే పోతుంది, రంధ్రాల గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. బతికిన పదిలో కొన్ని పన్నెండో రోజుకు కంపు కొట్టినాయి. తీసి పారేయకపోతే అది మెషిన్‌లోనే పేలి పక్క గుడ్లనూ పాడు చేస్తుంది. చివరికి వాడి 60లో పిల్లలైనవి ఆరు. మా 12లో పది.

మెషిన్ మీద మాట రాకుండా ఉండాలంటే ముందే ఇవి సరిచూసి పెట్టుకోండి. ఫ్యాన్ ఉన్న మెషిన్‌లో 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదాంట్లో గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 దగ్గర. సెన్సార్ మూత దగ్గర వేలాడుతుంటే అది చెప్పేది గుడ్డు వేడి కాదు, గుడ్డు పై అంచుకు సమానంగా దించాలి. వేడిని అదుపు చేసే చవక కంట్రోలర్లు ఒక డిగ్రీ తేడా చూపడం మామూలే, జ్వరం చూసే థర్మామీటర్‌తో గోరువెచ్చటి నీళ్లలో పోల్చుకోండి. తేమ మీటర్‌కు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చిలకరించి, మీటర్‌తో కలిపి గాలి పోని కవర్‌లో ఎనిమిది గంటలు పైనే ఉంచితే 75 శాతం చూపాలి. 68 చూపితే మీ మీటర్ ఏడు తక్కువ చెబుతున్నట్టు.

తేమ 18 రోజుల దాకా 45 నుంచి 55 శాతం, తర్వాత మూడు రోజులు 65 నుంచి 70. ఎండాకాలంలో మన వైపు ట్రేలో నీళ్లు మధ్యాహ్నానికే ఎండిపోతాయి, గదిలో కూలర్ వేస్తే తేమ అమాంతం పెరుగుతుంది. అందుకే మీటర్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా తూకం వేయండి. 18వ రోజుకు గుడ్డు బరువు 12 శాతం దాకా తగ్గాలి. పది గుడ్లు అర కేజీ ఉంటే 440 గ్రాములకు రావాలి. 460 పైనే ఉంటే తేమ ఎక్కువైంది, 430 లోపలికి పడితే తక్కువైంది.

న్యాయంగా చెప్పాల్సింది కూడా చెబుతాను. పిల్ల పూర్తిగా తయారై, 20, 21 రోజుల్లో పెంకు పొడిచి చచ్చిపోతే, చాలాసార్లు అది మన మెషిన్ తప్పే. చివర్లో తేమ చాలకపోవడం, గాలి రంధ్రాలు మూసేయడం, ఆగలేక మాటిమాటికీ మూత తీయడం, 18వ రోజు తర్వాత కూడా గుడ్లు తిప్పడం, ఇవీ కారణాలు. పిల్లలు 20 నిండకముందే బొడ్డు మానకుండా వస్తే వేడి ఎక్కువ, 22 దాటి వస్తే తక్కువ. దానికి అమ్మినవాణ్ణి తిట్టకూడదు. మధ్యలో, 9 నుంచి 14 రోజుల మధ్య ఎక్కువ చస్తే మాత్రం తల్లి కోళ్ల మేత అడగాలి, బి2 విటమిన్ లోపం ఉన్న పెట్టల గుడ్లలో అట్లా అవుతుంది.

ఎవరి దగ్గర కొన్నా సగం డబ్బు ఏడో రోజు టార్చ్ వీడియో తర్వాతే ఇస్తామని మాట్లాడుకోండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. గుడ్లను మొనవైపు కిందికి పెట్టి 12 గంటలు పైనే చల్లగా కదలకుండా ఉంచినాకే మెషిన్‌లో పెట్టండి. పక్కన మీ ఇంటి గుడ్లు పది పెట్టడం మరిచిపోవద్దు. ఖాళీ గుడ్లు పగలగొట్టమని వాడు చెబితే ఫోన్‌లో కాదు, మెసేజ్‌లో రాసి పంపమనండి. ఇదే మనిషి దగ్గర మోసపోయినవాళ్లు డబ్బు పంపిన రసీదులు, వాడి గ్యారంటీ మెసేజ్‌లు చెరపకుండా దాచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. నేను కాగితాలు సిద్ధం చేస్తున్నాను, కలిసి కేసు వేద్దామనుకునేవాళ్లు కింద రాయండి.