మా పాప మొదటిసారి పళ్ళ డాక్టరు దగ్గరికి

మొదటి పన్ను రాగానే, లేదంటే ఏడాది నిండేలోపు ఒకసారి చూపించాలని నాకు ఆలస్యంగా తెలిసింది. మూడేళ్ళు నిండాక మా పాపని అమలాపురంలో పిల్లల పళ్ళు చూసే క్లినిక్‌కి తీసుకెళ్ళాం.

వారం ముందు నుంచే ఇంట్లో ఆట ఆడించాను. మా అత్తయ్యగారు మంచం మీద పడుకుని నోరు తెరిస్తే, పాప స్పూను పట్టుకుని ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. "అల్లరి చేస్తే డాక్టరు సూది వేస్తాడు" అని ఎవరూ అనకూడదని గట్టిగా చెప్పేశాను. మధ్యాహ్నం నిద్ర టైముకైతే పేచీ ఖాయం, అందుకే పొద్దున్న పదింటికి వెళ్ళాం. అపాయింట్‌మెంట్ ఉన్నా ముప్పావుగంట కూర్చోబెట్టారు. చిన్నపిల్లలతో అది చాలా కష్టం, మార్చుకోవాలి.

డాక్టరమ్మగారు మాత్రం బంగారం. పాపని పెద్ద కుర్చీ ఎక్కించలేదు. నాకెదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చుని, నా ఒళ్ళో ఉన్న పాపని వెనక్కి వాల్చి, తల తన ఒళ్ళో పెట్టుకున్నారు. చిన్న అద్దాన్ని ముందు పాప చేతికిచ్చి, గోటికి తాకించి, ఆ తర్వాతే నోట్లో పెట్టారు. "ఇరవై పళ్ళూ వచ్చేశాయమ్మా" అన్నారు.

పై ముందు పళ్ళకి చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లగీత చూపించారు. పుచ్చు అలాగే మొదలవుతుందట. రాత్రి పాలసీసాతో నిద్రపుచ్చింది నేనే కదా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫ్లోరైడ్ పూత వేశారు. బఠానీ గింజంత పేస్టుతో రెండుపూటలా మీరే తోమండి అన్నారు.

"ఊడిపోయే పళ్ళేగా" అన్న మా అత్తయ్యగారికి, దవడ వైపు పాలపళ్ళు కొన్ని పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలని, తర్వాత వచ్చే పళ్ళకి చోటు కాపాడేవి అవేనని ఓపిగ్గా చెప్పారు. ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు.