‘కాపిటల్’: సరుకుతోనా, పనిదినంతోనా?

పెట్టుబడిదారీ వ్యవస్థ గురించి మార్క్స్ రాసిన ‘కాపిటల్’ మొదటి సంపుటం (1867) చదవడానికి రెండు దారులున్నాయి. సరుకు, డబ్బు గురించిన కష్టమైన మొదటి భాగాన్ని ప్రస్తుతానికి పక్కనపెట్టి, రెండో భాగంతో మొదలుపెట్టమని 1969లో ఫ్రెంచ్ మార్క్సిస్టు తత్వవేత్త అల్తూసర్ సలహా ఇచ్చాడు. మార్క్స్ కూడా స్నేహితుడు కూగెల్మన్ భార్యకు తేలిగ్గా చదవగలిగేవిగా పనిదినం (కార్మికుల రోజువారీ పనిగంటలు) లాంటి అధ్యాయాలనే సూచించాడు. అందులో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలుంటాయి, చదువు చకచకా సాగుతుంది.

రెండో దారి, సరుకు అధ్యాయంతోనే మొదలుపెట్టి రోజుకొక పేజీ చదవడం. నేను దీనివైపే. ‘20 గజాల నారబట్ట = 1 కోటు’ అనే మార్క్స్ ఉదాహరణ దగ్గర నేను వారం రోజులు ఆగిపోయాను. సమానం అంటే ఏ విషయంలో? బట్ట తన విలువను తానే చెప్పుకోలేదు, కోటు ద్వారా చెప్పుకుంటుంది. ఈ ముడి విడితేనే డబ్బు ఎలా పుట్టిందో అర్థమవుతుంది. టైమ్ తక్కువైతే పనిదినంతో మొదలుపెట్టండి, కానీ ఆ నారబట్ట దగ్గరికి తప్పకుండా తిరిగి రండి.