గోంగూర సీసాకి ఇనప్పెట్టె: యోసెమిటీ నుంచి సూర్యలంక దాకా

అమెరికాలో, కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు లోయలో రాత్రిపూట కారులో తినుబండారాలు ఉంచనివ్వరు. గుడారంలో అసలే కుదరదు. ఎలుగుబంట్లు వాసన పట్టి కారు తలుపులు కూడా ఊడబీకుతాయి. అందుకని ఒక్కో గుడారం స్థలానికీ గట్టి గడియ ఉన్న ఇనప్పెట్టె ఒకటి ఇస్తారు. తినేవే కాదు, వాసన వచ్చేదల్లా అందులోకే వెళ్ళాలి: టూత్‌పేస్టు, సబ్బు, ఎండకి రాసుకునే క్రీము. గుంటూరు నుంచి అమ్మ పంపిన గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, మా స్నేహితురాలి కొబ్బరినూనె సీసా అన్నీ లోపల పెట్టి గడియ వేశాం. "మరి జడకి రాసుకున్న నూనె సంగతేంటే?" అంది అది. పార్కు వాళ్ళిచ్చిన కాగితం అంతా తిరగేశాను, దానికి జవాబు లేదు.

మేమిద్దరం శాన్ హోజేలో ఎమ్మెస్ చదువుతున్నాం. నాది గుంటూరు బ్రాడీపేట, దానిది విజయవాడ సత్యనారాయణపురం. ఇద్దరికీ కారు లేదు. అద్దెకి తీసుకుందామంటే పాతికేళ్ళు నిండనివాళ్ళ దగ్గర రోజుకింతని అదనంగా గుంజుతారు. రైల్లో మెర్సెడ్ ఊరి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పార్కుకి వెళ్ళే యార్ట్స్ బస్సెక్కాం. పార్కు ప్రవేశ రుసుము టికెట్లోనే కలిసి ఉంటుంది. బస్సు కొండల్లోంచి మెర్సెడ్ నదిని పట్టుకుని నెమ్మదిగా పైకెక్కుతుంది. లోయలోపల తిరగడానికి ఉచిత షటిల్ ఉంది. కారు లేకపోవడమే మంచిదయింది, పార్కింగ్ కోసం జనం పడే అవస్థ చూస్తే మీరూ ఆ మాటే అంటారు.

గుడారాలూ, నిద్రసంచులూ, చిన్న గ్యాస్ స్టవ్వూ యూనివర్సిటీ వ్యాయామశాలలో విద్యార్థులకి చవగ్గా అద్దెకిచ్చారు. ఇలాంటి సదుపాయం చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, కొత్తగా వెళ్ళే మన పిల్లలకి చెప్పేవాళ్ళుండరు. కొనకండి, ముందు అక్కడ అడగండి.

ఇక బస. మేం దిగిన అప్పర్ పైన్స్ క్యాంపులో ఒక గుడారం స్థలానికి రాత్రికి 36 డాలర్లు. ఆరుగురి దాకా ఉండొచ్చు కాబట్టి ఆరుగురు వెళ్తే చాలా చవక, ఇద్దరికైతే ఫరవాలేదు. బుకింగ్ ఐదు నెలల ముందే, నెలలో 15వ తేదీ ఉదయం 7 గంటలకి తెరుస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, మన తత్కాల్ టికెట్లే నయం. మాకు ఎవరో రద్దు చేసుకున్నది దొరికింది. క్యాంప్ 4 అనే ఇంకో క్యాంపులో మనిషికి 10 డాలర్లే. కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళతో స్థలం పంచుకోవాలి. కొండలెక్కేవాళ్ళకి అది పుణ్యక్షేత్రమట. మాకు అంత భక్తి లేదు. లోయలోనే కర్రీ విలేజ్ అనే బసలో మంచాలు వేసిన కాన్వాస్ గుడారాలు ఉంటాయి. అద్దె బాగా ఎక్కువ, పైగా పక్కవాళ్ళ గురక ఉచితం.

మరుగుదొడ్ల గురించి మగవాళ్ళు రాసే యాత్రా కథనాల్లో ఒక్క ముక్క ఉండదు కాబట్టి నేను రాస్తున్నాను. ఫ్లష్ ఉంది, కుళాయిలో తాగే నీళ్ళు ఉన్నాయి, పొద్దునా సాయంత్రం శుభ్రం చేస్తున్నారు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలం నడిచివెళ్ళినా భయమనిపించలేదు. స్నానం మాత్రం క్యాంపులో కుదరదు, కర్రీ విలేజ్‌కి వెళ్ళి డబ్బిచ్చి చెయ్యాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చెయ్యకూడదని నియమం, జనం నిజంగానే పాటించారు.

మేం వెళ్ళింది సెప్టెంబర్ చివర్లో. 2,425 అడుగుల యోసెమిటీ జలపాతం చూద్దామని వెళ్తే నల్లటి మరక కనిపించింది. మంచు కరిగిన నీళ్ళే దానికి ఆధారం, ఎండాకాలం చివరికి ఎండిపోతుంది. నీళ్ళు కావాలంటే మే నెలలో వెళ్ళండి. వెర్నల్ జలపాతం దగ్గర మాత్రం ధార ఉంది. రాతి మెట్లెక్కుతుంటే కోటప్పకొండ మెట్లదారి గుర్తొచ్చింది, ఇక్కడ మజ్జిగ అమ్మేవాళ్ళు లేరంతే. అన్నిటికన్నా నాకు నచ్చింది రాత్రి ఎల్ కాపిటన్. మూడువేల అడుగుల నిలువు బండ, దాన్ని ఎక్కుతూ రాత్రికి మధ్యలోనే వేలాడుతూ పడుకునే మనుషుల తలదీపాలు మిణుకుమంటూ కనిపిస్తాయి. మా బెజవాడ పిల్ల మాత్రం చలికి నిద్రసంచిలోంచి ముక్కు కూడా బయటపెట్టలేదు. లోయే నాలుగువేల అడుగుల ఎత్తున ఉంది, పగటి ఎండ చూసి మోసపోకండి.

సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చాక ఇక్కడా ఒక రాత్రి గుడారంలో పడుకుందామని బయల్దేరాం. "డాబా మీద పక్కేసుకుంటే పోలా?" అన్నారు నాన్న. ముందు భవానీ ద్వీపం చూశాం. కృష్ణ మధ్యలో 133 ఎకరాలు, చెట్ల నీడ, బోటు తప్ప దారి లేదు. గుడారాలకి ఇంతకన్నా మంచి చోటు మన దగ్గర నేను చూడలేదు. అయితే వానాకాలంలో ఆ ఆలోచనే వద్దు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలినప్పుడు ద్వీపం మునిగింది. మేం పగలంతా తిరిగి సాయంత్రం బోటుకి వచ్చేశాం. నాలుగు కుళాయిలూ, శుభ్రమైన మరుగుదొడ్లూ, ఒక కాపలా మనిషీ ఉంటే చాలు, జనవరిలో నేను మూడు వేలిచ్చి అక్కడ నేల అద్దెకి తీసుకుంటాను.

చివరికి సూర్యలంక వెళ్ళాం. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడికి 9 కిలోమీటర్లు సముద్రం. ఓ ప్రైవేటు రిసార్ట్ లాన్‌లో గుడారం ఇచ్చారు. లోపల మంచం, దుప్పట్లు, ఫ్యాను, ప్లగ్గు! రాత్రి ఏడింటికి వంటాయన వచ్చి "అమ్మా, రొయ్యలు వేపుడా, ఇగురా?" అని అడిగి వెళ్ళి, గంటలో వేడివేడిగా పట్టుకొచ్చాడు. ఇలాంటి సేవ యోసెమిటీలో ఏ ధరకీ దొరకదు. అక్కడ మేం చల్లారిన అన్నంలో గోంగూర కలుపుకుని తిన్నాం. కానీ బాత్రూమ్ లాన్ అవతల చివర, లైటు లేదు, గడియ సగమే పడుతుంది. డీజే పాటలు అర్ధరాత్రి దాటాకగానీ ఆగలేదు. వెళ్ళి చెబితే సౌండు రెండు నిమిషాలు తగ్గించి మళ్ళీ పెంచారు. పొద్దున సముద్రం మీద సూర్యోదయం బాగుంది, మాకు కళ్ళే తెరుచుకోలేదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు వారం మధ్యలో వెళ్ళండి, శని ఆదివారాలు జాతరే. కార్తీక పౌర్ణమికైతే స్నానాల జనంలో గుడారం మాటే ఎత్తకండి. గుడారమే కావాలంటే డబ్బు కట్టేముందు ఫోన్లో రెండు అడగండి: బాత్రూమ్ ఎంత దూరం, పాటలు ఎన్నింటికి ఆపుతారు. రెండోదానికి "మీ ఇష్టమండీ" అన్నారంటే గది తీసుకోండి.