తలకి పెద్ద దెబ్బ తగిలాక హార్మోన్లు: అందరికీ ముందే ఇచ్చేయాలా, లెవెల్స్ చూసి ఇవ్వాలా? ఏది మేలు?

అందరికీ ముందే ఇచ్చేయడం అనేదానికి ఒకప్పుడు మంచి ఊపు ఉండేది. ఆడ ఎలుకల మెదడు దెబ్బని మగవాటికన్నా బాగా తట్టుకుంటోందని చూసి ప్రొజెస్టెరాన్ (ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే హార్మోన్) మీద ఆశ పెట్టుకున్నారు, 2007లో వందమందితో చేసిన చిన్న ట్రయల్ కూడా పర్లేదనిపించింది, తీరా 2014లో రెండు పెద్ద ట్రయల్స్ రిజల్ట్స్ వచ్చేసరికి (ఒకదాంట్లోనే 882 మంది) ఉత్తి డమ్మీ మందుకీ దీనికీ తేడా లేదని తేలిపోయింది. హై డోస్ స్టెరాయిడ్ కథ ఇంకా ఘోరం. పదివేల మందితో చేసిన క్రాష్ ట్రయల్‌లో రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21.1 శాతం, తీసుకోనివాళ్లలో 17.9 శాతం. సో ఈ పద్ధతికి నా ఓటు లేదు.

రెండోది, తగ్గిన హార్మోన్‌ని మాత్రమే భర్తీ చేయడం. మెదడు కింద బఠానీ గింజంత పిట్యూటరీ గ్రంథి (మిగతా చాలా హార్మోన్లని నడిపించేది) సన్నటి కాడకి వేలాడుతుంటుంది, దానికి రక్తం తెచ్చే నాళాలు కూడా ఆ కాడ వెంబడే వస్తాయి, తల ఒక్కసారిగా ఊగితే అక్కడే దెబ్బతింటాయి. బతికి బయటపడ్డవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఏదో ఒక హార్మోన్ లోటు ఉంటుందని స్టడీలు చెప్తున్నాయి. ఆరు నెలలయ్యాక కూడా మనిషి సగం గుండీలు పెట్టుకుని మంచం అంచున అలాగే కూర్చుండిపోతే ఇంట్లోవాళ్లు బద్ధకం అనో డిప్రెషన్ అనో అనుకుంటారు, నిజంగా అదే అయ్యుండొచ్చు కూడా, కానీ ఒక బ్లడ్ టెస్ట్ చేయించకుండా ఎలా తేల్చేస్తాం?

మరి టెస్ట్ ఎప్పుడు? అసలు చిక్కంతా ఇక్కడే. మొదటి వారంలో చాలామంది మగవాళ్లకి టెస్టోస్టెరాన్ పడిపోతుంది, థైరాయిడ్ నంబర్లూ తగ్గుతాయి, అది చాలావరకు దెబ్బకి ఒళ్లు స్పందించే తీరే, గ్రంథి పాడైందని కాదు, చాలామందికి నెలల్లో మళ్లీ పైకొస్తాయి కూడా. అందుకే వీటికి 3 నుంచి 6 నెలలు ఆగి ఓసారి, ఏడాదికి ఇంకోసారి చూడటమే బెటర్. గ్రోత్ హార్మోన్‌కైతే అస్సలు తొందరపడకూడదు అంటాను, పైగా ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో ఒంట్లో తయారయ్యే పదార్థం, దాన్ని రక్తంలో కొలుస్తారు) నార్మల్‌గా వచ్చినా లోటు లేదని గ్యారంటీ లేదు.

కార్టిసాల్ (ఒంటికి ఒత్తిడి వచ్చినప్పుడు బీపీనీ షుగర్‌నీ నిలబెట్టే హార్మోన్) టెస్ట్‌కి మాత్రం ఆగకూడదు. బీపీ నిలబడట్లేదు, సోడియం, షుగర్ పడిపోతున్నాయి అంటే ఐసీయూలోనే చూడాలి, తక్కువుంటే హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో కార్టిసాలే) ఇవ్వాలి (ఇది లోటు పూడ్చే డోస్, పైన చెప్పిన క్రాష్ స్టెరాయిడ్‌తో కలిపేసి భయపడొద్దు). యూరిన్ బ్యాగ్ గంటగంటకీ నీళ్లలాంటి యూరిన్‌తో నిండిపోతున్నా వెంటనే నర్స్‌కి చెప్పండి, నీటిని ఆపే హార్మోన్ ఆగిపోయి ఉండొచ్చు. ఇంకోటి, కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువుంటే ముందు కార్టిసాల్ సరిచేశాకే థైరాక్సిన్ (థైరాయిడ్ మందు) మొదలుపెడతారు, తిరగేసి ఇస్తే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా తొందరగా ఖర్చయిపోయి ప్రాణం మీదకొస్తుంది.