స్టీరింగ్ పక్కన గేరు: 1972 షెవర్లే సి-10తో 16 ఏళ్లు

నా దగ్గర ఈ పాత అమెరికన్ పికప్ ట్రక్కు ఉందని తెలిసినవాళ్లు ముందుగా ఇంజను గురించి అడుగుతారు. అందులో ఉన్నది 250 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. ఎంతోమంది వాడి మెచ్చుకున్నదే, నేను కొత్తగా చేర్చేదేమీ లేదు. నా మనసంతా గేరు రాడ్డు మీదే. అది నేల మీద ఉండదు, స్టీరింగ్ కుడిపక్కన ఉంటుంది. సన్నటి కడ్డీ, చివర నల్లటి గుండు. 2008లో టెక్సస్‌లోని ఆస్టిన్ శివార్లలో ఒక రైతు కొట్టం పక్కన ఈ బండిని చూసినప్పుడు తలుపు తీసి ఆ గుండు పట్టుకున్నాను. కొనాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. టైర్లు, తుప్పు, కాగితాలు అన్నీ ఆ తరవాతే చూశాను.

మా నాన్న రాజమండ్రిలో 30 ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. అందులోనూ గేరు స్టీరింగ్ దగ్గరే ఉండేది. ముందు సీటు అడ్డం లేకుండా ఒకే పరుపులా ఉండేది కాబట్టి అన్నవరం కిరాయిలకు వెళ్లేటప్పుడు నన్ను పక్కనే కూర్చోబెట్టుకునేవారు. ఆయన చెయ్యి స్టీరింగ్ మీది నుంచి గేరు మీదికి జారి మళ్లీ వెనక్కి రావడం చూస్తూ పెరిగాను. ఇన్నేళ్లూ ఇంకే బండిలోనూ నా చేతికి ఆ కదలిక దొరకలేదు.

అమెరికాలో దీన్ని ‘త్రీ ఆన్ ద ట్రీ’ అంటారు, అంటే చెట్టు మీద మూడు అని. మూడు గేర్లు, చెట్టేమో స్టీరింగ్ గొట్టం. రాడ్డు మన వైపు లాక్కుని కిందికి దించితే మొదటి గేరు. న్యూట్రల్ మీదుగా అవతలికి నెట్టి పైకి లేపితే రెండోది, అక్కడినుంచి నేరుగా కిందికి దించితే మూడోది. మన వైపు లాక్కుని పైకి లేపితే రివర్సు. వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. కాళ్ల దగ్గర ఏ అడ్డూ ఉండదు, పక్కనున్న మనిషితో మాట్లాడుతూనే గేరు మార్చవచ్చు. 1930ల చివర్లో అమెరికన్ కార్లలో వ్యాపించిన ఈ ఏర్పాటు 1980ల దాకా కొన్ని ట్రక్కుల్లో నిలిచింది.

2012 జులైలో నాన్న మా దగ్గరికి వచ్చారు. పీచ్ పండ్ల కోసం స్టోన్‌వాల్‌కు బయలుదేరాం. జాన్సన్ సిటీలో 290, 281 రోడ్లు కలిసేచోట సిగ్నలు పడింది. పచ్చదీపం వెలగగానే మొదటి గేరులో కదిలి, తొందరగా రెండోదానికి నెట్టాను. రాడ్డు సగంలో ఆగిపోయింది. అటు వెళ్లదు, ఇటు రాదు. బండి మాత్రం మొదటి గేరులోనే ఉంది. వెనక హారన్లు మోగుతుంటే అలాగే పాకించుకుంటూ రోడ్డు పక్కకు తెచ్చాను. గేర్‌బాక్సు పోయిందనే అనుకున్నాను. ఎండ 40 డిగ్రీల దగ్గర ఉంది.

"ఇంజను ఆపు. బానెట్ తెరువు" అన్నారు నాన్న.

స్టీరింగ్ గొట్టం కింది చివర రెండు చిన్న ఇనుప చేతులు (లివర్లు) ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒకటి మొదటి గేరుకూ రివర్సుకూ, రెండోది మిగతా రెండింటికీ. రెండూ న్యూట్రల్‌లో ఒక వరసలో ఉంటేనే రాడ్డు ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకోగలదు. మొదటిది పూర్తిగా వెనక్కి రాకముందే నేను రెండోదానికి దూకాను. సైలెన్సర్ గొట్టం మొదలయ్యేది కూడా ఆ పక్కనే, చెయ్యి పెట్టలేనంత వేడి. నాన్న తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతికి చుట్టుకున్నారు, వంగి చూశారు, వెనకబడ్డ ఇనుప చేతిని బొటనవేలితో నెట్టారు. టక్కుమని చప్పుడైంది.

"బుష్‌లు అరిగాయిరా. ఇంకేమీ కాలేదు. నెమ్మదిగా మార్చు, ఇల్లు చేరతాం."

బుష్‌లంటే ఆ ఇనుప చేతుల కీళ్లలో ఉండే రబ్బరు రింగులు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తన దేశం కాదు, తన బండి కాదు, బానెట్ కింద ఏముందో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అయినా ఆయన చేతికి చోటు తెలుసు. ఆ రోజు పండ్ల పెట్టెలతోనే ఇంటికి వచ్చాం. తప్పు తయారుచేసినవాళ్లది కాదు. 40 ఏళ్ల రబ్బరు ఎండి పెళుసుబారింది, కొన్నాక నేనూ దాని సంగతి చూడలేదు.

తరవాతి శనివారం ఇద్దరం కలిసి కొత్త బుష్‌లు వేశాం. ఆ రెండు ఇనుప చేతులకూ ఉన్న రంధ్రాల్లో సరిపడే డ్రిల్లు ముక్క దూర్చి వాటిని న్యూట్రల్‌లో నిలిపి, అప్పుడు వాటినుంచి గేర్‌బాక్సుకు వెళ్లే కింది రాడ్లు బిగించాలి. మధ్యాహ్నం పని. ఆ డ్రిల్లు ముక్క ఇప్పటికీ డాష్‌బోర్డు అరలోనే ఉంది.

ఇక పదేళ్లు దీని జోలికి పోనక్కర్లేదని అప్పట్లో తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. నాలుగేళ్లకే మళ్లీ పట్టేసింది. ఈసారి అరిగింది స్టీరింగ్ గొట్టం లోపల గేరు రాడ్డును నిలిపే ఆధారం. నాకు తీరిక లేక ఒక మెకానిక్ షెడ్డుకు ఇచ్చాను. వాళ్లు అరిగినదాన్ని మార్చకుండా కింది రాడ్లు వంచి సరిపెట్టారు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నెల తిరగకముందే రివర్సు పడడం మానేసింది. సరైన రాడ్లు వెతికి పెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అప్పటినుంచి ఆ రెండు చేతుల మీద పరాయివాళ్ల చెయ్యి పడనివ్వలేదు. ఏటా నూనె మార్చే రోజునే గ్రీజు పెట్టి, కీళ్లలో వదులు ఎంతుందో చూసుకుంటాను.

మిగతావాటిలో రెండే చెప్పుకోవాలి. పెట్రోలు ట్యాంకు సీటు వెనక, క్యాబిన్ లోపలే ఉంటుంది. ఎండాకాలం మూత రబ్బరు గట్టిగా లేకపోతే వాసనకు తల పట్టేస్తుంది. నా బండిలో ఉన్నవి నడుము బెల్టులు మాత్రమే. అందుకే మా అమ్మాయి చిన్నగా ఉన్నప్పుడు వీధి చివరి దాకా కూడా ఇందులో ఎక్కించుకోలేదు.

నాకు షెడ్డు ఉన్న ఇల్లు ఉంది. ఆఫీసుకు వేరే కారు ఉంది. ట్రక్కు వారానికి రెండుసార్లు కదులుతుంది, అదీ ట్రాఫిక్ పలచబడ్డాక. గాలనుకు 15 మైళ్లు దాటి ఎప్పుడూ ఇవ్వలేదు. రోజూ రద్దీలో గంటసేపు నడపాల్సినవాళ్లకు ఈ గేరు ఇదే సంతోషం ఇస్తుందని నేను అనలేను. చిన్నప్పుడు అంబాసిడర్ ముందు సీట్లో కూర్చోనివాళ్లకు ఇస్తుందో లేదో కూడా చెప్పలేను.

కొనాలనుకుంటే మాత్రం ఒక పని చేయండి. ఇంజను ఆపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి గేర్లు మార్చమనండి. మీరు బానెట్ తెరిచి ఆ రెండు ఇనుప చేతులనే చూడండి. పైన రాడ్డు కదిలాక కింద చెయ్యి కదలడానికి ఆలస్యమవుతుంటే బుష్‌లు పోయినట్టే. అది చిన్న ఖర్చు, ధర కాస్త తగ్గించమని అడిగి తీసుకోవచ్చు. కింది రాడ్లలో ఎక్కడైనా సుత్తిదెబ్బ గుర్తు కనిపిస్తే, బండి ఎంత మెరుస్తున్నా వదిలేయండి.