జీతాల సైట్లు: కొన్నేళ్ళు వాడాక నా మార్కులు

ఏ కంపెనీలో ఎంత ఇస్తారో ఉద్యోగులే పేరు చెప్పకుండా రాసే సైట్లు ఇవి. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్న వారంలో అయితే ఈ సైట్లకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. మిగతా ఏడాదంతా ఒక్కటే. ఆ ఒక్కటి కూడా డబ్బులు అడగడం లేదు కాబట్టి.

నేను వాడేవి మూడు: యాంబిషన్‌బాక్స్, గ్లాస్‌డోర్, లెవల్స్ డాట్ ఎఫ్‌వైఐ. వీటికి తోడు మా కాలేజీ బ్యాచ్ వాళ్ళం కలిసి నింపుకునే ఒక గూగుల్ షీట్. బెంగళూరులో ఫ్రెషర్‌గా చేరింది మొదలు, ఒక కంపెనీ మారి, కొన్ని అప్రైజల్స్ చూసేదాకా వీటిని వదల్లేదు. మారతహళ్ళి పీజీల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. రాత్రి భోజనాల దగ్గర మొదటి ప్రశ్న ఏ ఊరని, రెండోది ఏ కంపెనీ అని, మూడోది ప్యాకేజీ ఎంతని. మూడోదానికి మాత్రం ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరు. "ఆరు దాకా ఉంటుంది" అన్నవాడికి ఐదుంటుంది. "ఏదో వస్తోందిలే అన్నా" అన్నవాడికి పన్నెండుంటుంది. అందుకే అందరూ గదికెళ్ళి ఫోన్ తీసి వెతుక్కుంటారు.

యాంబిషన్‌బాక్స్ నౌక్రీ నడిపే ఇన్ఫో ఎడ్జ్ వాళ్ళది. మన దేశంలోని కంపెనీలు, ముఖ్యంగా వేరేవాళ్ళ ప్రాజెక్టులు చేసిపెట్టే సర్వీస్ కంపెనీలు, ఇందులో దొరికినంతగా నాకు ఇంకెక్కడా దొరకలేదు. హోదా, అనుభవం పెట్టి వెతికితే ఇంత నుంచి ఇంత దాకా అని ఒక రేంజ్ చూపిస్తుంది. ఎంతమంది ఇచ్చిన వివరాలతో ఆ లెక్క కట్టారో కూడా ఉంటుంది. చాలామంది సగటు చూసి బయటికి వచ్చేస్తారు. నేను ముందు చూసేది ఆ మంది ఎంతన్నదే. వేలల్లో ఉంటే రేంజ్‌ని నమ్ముతాను. పది పదిహేను మందే ఉంటే, ఒక్కడు జాయినింగ్ బోనస్ కలిపి రాసినా సగటు పైకి లేస్తుంది.

గ్లాస్‌డోర్ అమెరికాది, 2008లో మొదలైంది. మీ వివరాలు ఇస్తేనే అవతలివాళ్ళవి పూర్తిగా చూడనిచ్చే పద్ధతి. జీతాల కంటే ఇంటర్వ్యూ ప్రశ్నల కోసమే ఎక్కువ తెరిచాను. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

లెవల్స్ డాట్ ఎఫ్‌వైఐ 2017లో వచ్చింది. మూడింట్లో తెలివైనది ఇదే. స్థిరంగా వచ్చే జీతం, స్టాక్ (కంపెనీ ఇచ్చే షేర్లు), బోనస్ వేర్వేరుగా చూపిస్తుంది. ఒక కంపెనీలో సీనియర్ ఇంజనీర్ అంటే ఇంకో కంపెనీలో ఏ మెట్టుకి సమానమో పక్కపక్కన పెడుతుంది. కాకపోతే బలమంతా సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రాడక్ట్ కంపెనీల దగ్గరే. మూడున్నర లక్షలతో సర్వీస్ కంపెనీలో చేరినవాళ్ళు రాత్రి పడుకునే ముందు దీన్ని తెరిస్తే నిద్ర పట్టదు. అందులో కనిపించే స్టాక్ మామూలుగా నాలుగేళ్ళలో విడతలుగా చేతికొస్తుంది. చాలాచోట్ల మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఒక్క షేరూ రాదు. షేరు ధర పడితే స్క్రీన్ మీద చూసిన అంకె వేరు, చేతికొచ్చేది వేరు. ఇంకా లిస్ట్ కాని స్టార్టప్‌లో అయితే అది ప్రస్తుతానికి కాగితమే.

అన్నింటికీ ఉన్న పెద్ద లోపం సీటీసీ, అంటే కాస్ట్ టు కంపెనీ. కంపెనీ మన మీద పెట్టే ఖర్చంతా అందులో ఉంటుంది. బియ్యం బస్తాని గోనెసంచితో, కట్టిన తాడుతో కలిపి తూచడం లాంటిది. మనం పోలిస్తే బియ్యాన్ని బియ్యంతో పోల్చాలి కదా.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒకడికి 12 లక్షల ప్యాకేజీ, ఇంకొకడికి 10.5 లక్షలు. ఇద్దరికీ బేసిక్, అంటే మూల వేతనం, అందులో సగం అనుకుందాం. మొదటివాడి 12 లక్షల్లో లక్షన్నర వేరియబుల్ (పనితీరును బట్టి వస్తే వచ్చేది), లక్ష జాయినింగ్ బోనస్. బేసిక్ మీద 12 శాతం చొప్పున కంపెనీ కట్టే పీఎఫ్ 72,000. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద బేసిక్ మీద 4.81 శాతం, అంటే దాదాపు 29,000. ఇవన్నీ తీసేస్తే నెలకి గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, దాదాపు 70,760. అందులో అతని వాటా పీఎఫ్ 6,000, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది దాదాపు 64,500. రెండోవాడికి వేరియబుల్ లేదు, జాయినింగ్ బోనస్ లేదు, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కాక 15,000 పరిమితి మీదే, అంటే నెలకి 1,800. అతనికి చేతికొచ్చేది దాదాపు 81,500. 2025-26 నుంచి కొత్త పన్ను పద్ధతిలో జీతం 12.75 లక్షలు దాటనివాళ్ళకు పన్ను లేదు కాబట్టి ఇద్దరికీ అక్కడ కోత పడదు. 12 లక్షలవాడు 10.5 లక్షలవాడి కంటే నెలకి 17 వేలు తక్కువ తెచ్చుకుంటున్నాడు. మొదటివాడి పీఎఫ్ ఎక్కడికీ పోదు, అది అతని డబ్బే, నిజమే. వేరియబుల్ కూడా మంచి ఏడాదిలో వస్తుంది. కానీ ఐదో తారీఖున ఓనర్‌కి అద్దె కట్టేది ఆ 64,500 లోంచే. జాయినింగ్ బోనస్ అయితే ఒక్కసారే. ఏడాది తిరక్కుండా మానేస్తే వెనక్కి కట్టమని చాలా ఆఫర్ లెటర్లలో రాసి ఉంటుంది.

ఊళ్ళో పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం 12 లక్షలవాడిదే గెలుపు. బయోడేటాలో వేరియబుల్ అని ఒక గడి పెట్టే రోజు ఎప్పుడొస్తుందో.

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాక ఇంకో చిక్కు చేరింది. మొత్తం జీతంలో కనీసం సగాన్ని వేతనం కింద లెక్కలోకి తీసుకోవాలని వాటిలో ఉంది. బేసిక్‌ని 30, 35 శాతం దగ్గర ఉంచిన కంపెనీల్లో గ్రాట్యుటీ లెక్క పెరుగుతుంది, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కట్టేచోట అదీ పెరగొచ్చు. అదే సీటీసీలో చేతికొచ్చేది తగ్గొచ్చు. సైట్లలో మూడేళ్ళ కిందటి జీతాలూ నిన్నటివీ ఒకే సగటులో కలిసి ఉంటే, అది ఏ లెక్క ప్రకారం రాసిందో మనకెలా తెలుస్తుంది? వీలున్నచోట తేదీ చూసి, పాతవి పక్కన పెట్టి చదవడమే దారి.

ఊరు కూడా చూడాలి. హైదరాబాద్‌లో అమ్మానాన్నల దగ్గర ఉండి 8 లక్షలకి చేసేవాడికీ, బెల్లందూర్‌లో ముగ్గురు కలిసి ఫ్లాట్ తీసుకుని 10 లక్షలకి చేసేవాడికీ నెలాఖరున మిగిలేది ఎవరికి ఎక్కువో చెప్పడానికి సైట్ అక్కర్లేదు. బెంగళూరులో అద్దె ఒక్కటే కాదు, అడ్వాన్స్ ఉంది. పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడిగే అలవాటు ఈ ఊరిది. ఇప్పుడు చాలాచోట్ల తగ్గింది గానీ మొదటి ఉద్యోగంలో ఉన్నవాడికి అదీ భారమే.

మరి మిగతా ఏడాదికి ఒక్క మార్కు ఎందుకంటే, ఊరికే చూడటం వల్ల లాభం లేదు, నష్టం మాత్రం ఉంది. ఇది నా ఒక్కడి చిరాకు కాదు. 2008లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల మీద డేవిడ్ కార్డ్, ఇంకో ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అక్కడ ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు పేర్లతో సహా ఒక పత్రిక వెబ్‌సైట్‌లో ఉండేవి. కొంతమందికి ఆ సైట్ సంగతి ఈమెయిల్‌లో చెప్పి, తర్వాత అందరినీ ప్రశ్నలు అడిగారు. తమలాంటి పని చేసేవాళ్ళలో మధ్యస్థం కంటే తక్కువ తీసుకుంటున్నవాళ్ళకు ఉద్యోగం మీద సంతృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ తీసుకుంటున్నవాళ్ళకు సంతోషమేమీ పెరగలేదు. 2012లో ఆ పరిశోధన అచ్చయింది. నాకు అందులో గుచ్చుకున్నది రెండో సగం. గెలిచినవాడికి కూడా ఏమీ దక్కని పోటీ ఇది.

నార్వేలో ఎవరి ఆదాయం ఎంతో పన్ను రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. 2014 నుంచి ఎవరు చూశారో అవతలివాళ్ళకి తెలిసేలా మార్చారు. దాంతో చూసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. మన సైట్లలో కూడా అలా పెడితే పీజీలో నా పక్క మంచంవాడు ఒక్కరాత్రిలో మానేస్తాడు.

ఆఫర్ వారంలో నాలుగు మార్కులెందుకో కూడా చెప్పాలి. హెచ్‌ఆర్ ఫోన్ చేసి "ఎక్స్‌పెక్టెడ్ ఎంత?" అని అడిగినప్పుడు, రేంజ్ తెలియనివాడు పాత జీతానికి ముప్పై శాతం కలిపి ఒక అంకె చెప్పేస్తాడు. మొదటి ఉద్యోగం తక్కువకి దొరికితే రెండోదీ అలాగే తక్కువకి కుదురుతుంది. రేంజ్ తెలిసినవాడు ఆ పోస్టుకి తగిన అంకె చెప్తాడు. అంతవరకే సైట్ పని. "ఫలానా సైట్‌లో ఇంత అని ఉంది సార్" అంటే ఏ హెచ్‌ఆరూ కదలడు. కదిలించేది ఇంకో కంపెనీ ఆఫర్ లెటరే. రాజీనామా ఇచ్చాక ఇంకా 90 రోజులు పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్ ఉన్నవాళ్ళకి ఆ రెండో ఆఫర్ తెచ్చుకునే టైమ్ కూడా దొరుకుతుంది. నోటీస్ పీరియడ్‌తో లాభం అంటూ ఉంటే అదొక్కటే.

ఇక మా షీట్. మూడు సైట్లకంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. అందులో పేర్లుండవు. కంపెనీ పేరు కూడా ఉండదు, సర్వీసా ప్రాడక్టా అని మాత్రమే. చేతికొచ్చేది నెలకి ఎంత, వేరియబుల్ ఎంత శాతం, పోయినేడు అందులో నిజంగా ఎంత ఇచ్చారు, పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా 15,000 మీదా, వారానికి ఎన్నిరోజులు ఆఫీస్, ఏ ఊరు, నోటీస్ ఎన్నాళ్ళు. ఇవే గడులు. "పోయినేడు నిజంగా ఎంత ఇచ్చారు" అనే గడి నాకు ఏ సైట్‌లోనూ కనబడలేదు, అసలు కథంతా అందులోనే ఉంటుంది. ఇబ్బంది లేదని కాదు. మా బ్యాచ్ చిన్నది, వివరాలు చూసి ఎవరిదో పోల్చుకోవచ్చు. జీతం బయటికి చెప్పకూడదని చాలామంది ఆఫర్ లెటర్లలో షరతు ఉంది, అందుకే కొందరు నింపరు, వాళ్ళని అడగం కూడా. అప్రైజల్ సీజన్‌లో తెరిచి నింపుతాం, తర్వాత లింక్ మూసేస్తాం.

కాలేజీ జూనియర్లు అడుగుతుంటారు. వాళ్ళకి గడులున్న ఖాళీ షీట్ ఇస్తాం. మా అంకెలున్నది మాత్రం ఇవ్వం.